చిన్న వేషంలో నిండు మనిషి

'ది స్ట్రెయిట్ స్టోరీ' దాదాపు రెండు గంటల సినిమా. అందులో హ్యారీ డీన్ స్టాంటన్ కనిపించేది ఆఖరి కొద్ది నిమిషాలే. డేవిడ్ లించ్ 1999లో తీసిన ఈ సినిమాకు నిజంగా జరిగిన ఒక ప్రయాణం ఆధారం. అయోవా రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో ఆల్విన్ స్ట్రెయిట్ అనే ముసలాయనకు తోడబుట్టినవాడు మంచాన పడ్డాడని తెలుస్తుంది. చూపు తగ్గి కారు నడిపే వీలు లేదు. 1994లో గడ్డి కోసే బండి ఎక్కి, రోజుల తరబడి దాన్నే నడుపుకుంటూ, 240 మైళ్ల దూరంలో విస్కాన్సిన్‌లో ఉన్న మౌంట్ జయాన్ చేరాడు. సినిమాలో ఆ తోడబుట్టినవాడి పేరు లైల్. ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. సినిమా పొడుగునా మనం లైల్ గురించి వింటూనే ఉంటాం, ఒక్కసారీ చూడం. చివరికి ఒక పాత చెక్క ఇంటి తలుపు తెరుచుకుని, వాకర్ ఊతంగా ఆయన బయటికి వస్తాడు.

ఆ తలుపులోంచి ఎవరు రావాలి? పెద్ద స్టార్ వస్తే ప్రేక్షకుడు స్టార్‌ని చూసి మురిసిపోతాడు, లైల్ కనపడకుండా పోతాడు. ఎవరో తెలియని ముఖమైతే అంతసేపటి ఎదురుచూపు బరువును మోయలేదు. స్టాంటన్ వచ్చి కూర్చుంటాడు. వాకిట్లో ఆగి ఉన్న బండిని చూస్తాడు. నన్ను చూడ్డానికి ఇంత దూరం దాని మీదే వచ్చావా అని అడుగుతాడు. అవునంటాడు ఆల్విన్. స్టాంటన్ కళ్లలో నీళ్లు ఊరతాయి. క్షమాపణలు లేవు, కావలించుకోవడాలు లేవు. ఆ పదేళ్ల కోపం ఎంత గట్టిదో, ఎంత వృథా అయిందో రెండూ ఆ ముఖంలోనే తెలుస్తాయి. అమెరికన్ తెర మీద సహాయ నటుడి విద్య ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ దృశ్యమే చూపిస్తాను.

ఇలాంటి నటుల గురించి రాసేవాళ్లకు ఒక కథ అలవాటైపోయింది. ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు వేసి, ఓపిక పట్టి, చివరికి పెద్ద వేషం దక్కించుకున్నాడన్న కథ. స్టాంటన్‌కూ అదే అంటగట్టారు. 1984లో 'పారిస్, టెక్సస్' వచ్చేసరికి ఆయనకు యాభై ఏడేళ్లు దాటాయి. అంతకుముందు ముప్పై ఏళ్లు చేసిందంతా దానికోసం పడిన పడిగాపులేనన్నట్టు రాశారు. నేను దీన్ని ఒప్పుకోను. చిన్న వేషానికి దాని కొలత దానికుంది, దాని కష్టం దానికుంది. అక్కడ చేసే పని ఏమిటో చూస్తే తప్ప స్టాంటన్ జీవితం అర్థం కాదు.

ఆయన 1926లో కెంటకీలోని వెస్ట్ అర్వైన్‌లో పుట్టాడు. తండ్రి పొగాకు రైతు, క్షవర వృత్తి కూడా చేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్టాంటన్ నౌకాదళంలో చేరి, ట్యాంకులను ఒడ్డుకు దింపే ఓడ ఒకదాని మీద వంటవాడిగా పనిచేశాడు. 1945లో ఒకినావా యుద్ధం జరిగినప్పుడు ఆ ఓడ అక్కడే ఉంది. తిరిగొచ్చి లెక్సింగ్టన్‌లోని కెంటకీ విశ్వవిద్యాలయంలో చదువుతూ నాటకాల్లో పడ్డాడు. తర్వాత కాలిఫోర్నియా వెళ్లి పసడీనా ప్లేహౌస్‌లో నటన నేర్చుకున్నాడు. 1954లో తొలిసారి టీవీలో కనిపించాడు.

ఆ రోజుల్లో అమెరికన్ టీవీని గుర్రాలు, తుపాకులు ఏలుతున్నాయి. 'గన్‌స్మోక్' 1955 నుంచి 1975 దాకా నడిచింది. మొత్తం 635 ఎపిసోడ్లు. మొదటి సీజన్‌లోనే 39. వారం వారం ఊళ్లోకి ఒక కొత్త మనిషి రావాలి. దొంగో, దొంగ తమ్ముడో, భూమి పోగొట్టుకున్న రైతో, భయపడి పారిపోతున్న సాక్షో. మార్షల్ ఎప్పుడూ ఉండేవాడే, ఆ వారం కథ మాత్రం వచ్చినవాడిది. స్టాంటన్ ఒక్క 'గన్‌స్మోక్'లోనే 1958, 1968 మధ్య ఎనిమిది ఎపిసోడ్లు చేశాడు. 'రాహైడ్', 'బొనాంజా' సరేసరి. హ్యారీ స్టాంటన్ అనే నటుడు మరొకాయన ఉండటంతో చాలాకాలం తెర మీద ఈయన పేరు డీన్ స్టాంటన్ అనే పడేది.

నా ఉద్దేశంలో ఆయన అసలు బడి ఈ టీవీయే. షూటింగు కొద్ది రోజుల్లో అయిపోవాలి. రిహార్సల్సు తక్కువ. సెట్లో మిగతావాళ్లందరూ నెలల తరబడి కలిసి పనిచేస్తున్నవాళ్లు, అతిథి నటుడు సోమవారం వచ్చి ఆ వారంలోనే వెళ్లిపోతాడు. పాత్ర ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి స్క్రిప్టులో చోటుండదు. కాబట్టి నటుడు తలుపు తీసుకుని వచ్చేసరికే ఆ మనిషి గతమంతా ఒంటిమీద ఉండాలి. ఎంత దూరం నడిచి వచ్చాడు, తిని ఎన్నాళ్లయింది, ఈ గదిలో ఎవరికి బాకీ ఉన్నాడు, ఇవన్నీ టోపీ తీసే తీరులో తెలియాలి. హీరోకు కథ మొదలవుతుంది. సహాయ నటుడు తన కథ మధ్యలోంచి లేచి వస్తాడు.

ఇందులో కంటికి కనపడని మోటు పని చాలా ఉంది. ఒకే దృశ్యాన్ని ముందు దూరం నుంచి తీస్తారు, తర్వాత దగ్గర్నుంచి, ఆ తర్వాత ఒక్కొక్కరి ముఖం మీద. ఏ మాట దగ్గర సిగరెట్ పెదవులకెక్కింది, ఏ మాట దగ్గర గ్లాసు కిందికి దిగింది, ప్రతి టేక్‌లోనూ అలాగే జరగాలి. లేకపోతే ఎడిటింగ్‌లో ఆ ముక్క పనికిరాదు, చిన్న నటుడిది అయితే మొహమాటం లేకుండా తీసేస్తారు. హీరో క్లోజప్ తీస్తున్నప్పుడు ఇతను కెమెరా పక్కన నిలబడి డైలాగులు అందించాలి. తెర మీద కనపడనని తెలిసి కూడా పూర్తి మనసుతో అందించాలి. ఎందుకంటే అవతలివాడి ముఖంలో పలికేది ఇతని మాటకు జవాబే. మంచి సహాయ నటుడి పనిలో సగం ఇతరుల ముఖాల మీద ఉంటుంది.

1965లో దర్శకుడు మాంటీ హెల్‌మన్ యూటా ఎడారిలో 'రైడ్ ఇన్ ద వర్ల్‌విండ్' తీశాడు. రాసింది జాక్ నికల్సన్. అప్పటికి నికల్సన్ పేరు జనానికి తెలియదు. స్టాంటన్‌కు దగ్గరి స్నేహితుడు. కంటికి పట్టీ కట్టుకున్న దొంగల నాయకుడి వేషం ఇస్తూ నికల్సన్ ఒక సలహా చెప్పాడట. ఏమీ చెయ్యొద్దు, నటించే పని దుస్తులకు వదిలెయ్, నువ్వు నువ్వుగా ఉండు అని. స్టాంటన్ ఈ మాటను తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాడు, తన పద్ధతి అక్కడే మారిందన్నాడు. దీన్ని బద్ధకానికి అనుమతిగా తీసుకునేవాళ్లున్నారు. ఒకసారి ఆలోచించండి. కంటి పట్టీ పెట్టగానే ప్రేక్షకుడికి సగం విషయం అందిపోయింది. నటుడు దాన్నే మళ్లీ గొంతుతో, చూపుతో చెబితే అది రెండోసారి చెప్పడమే. పట్టీ దొంగతనాన్ని చూసుకుంటుంది, నటుడు ఆ దొంగ అలసటను చూసుకోవచ్చు.

ఇది 'ఏలియన్'లో బాగా కనిపిస్తుంది. 1979 నాటి రిడ్లీ స్కాట్ సినిమా. అంతరిక్ష నౌక నొస్ట్రోమోలో ఇంజన్ల దగ్గర పనిచేసే ఇద్దరిలో స్టాంటన్ వేసిన బ్రెట్ ఒకడు. పువ్వుల చొక్కా, టోపీ. రెండోవాడు యాఫెట్ కాటో వేసిన పార్కర్. వాళ్లిద్దరికీ గ్రహాంతర జీవుల మీద ఆసక్తి లేదు. తమ వాటా మిగతావాళ్ల కంటే ఎందుకు తక్కువన్నదే వాళ్ల బాధ. పార్కర్ ఏమన్నా బ్రెట్ 'రైట్' అంటాడు. అంతే, ఎక్కువ సందర్భాల్లో ఆ ఒక్క మాటే. స్టాంటన్ దాన్ని ప్రతిసారీ ఒక్కోలా అంటాడు. ఒకసారి స్నేహంతో, ఒకసారి విసుగుతో, ఇంకోసారి వినకుండానే. ఎన్నేళ్లుగా ఈ ఇద్దరూ ఒకే వేడిలో, ఒకే చప్పుడులో పనిచేస్తున్నారో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

తర్వాత బ్రెట్ తప్పిపోయిన పిల్లిని వెతుక్కుంటూ ఒంటరిగా ఒక పెద్ద గదిలోకి వెళ్తాడు. పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, నీళ్లు కారుతుంటాయి. అతను ఆగి, ముఖం పైకెత్తి, ఆ నీటిని ముఖం మీద పడనిస్తాడు. ఉక్కపోతలో పనిచేసినవాడు దొరికిన చల్లదనాన్ని వదులుకోడు. మరో నటుడైతే అక్కడ భయపడటం మొదలుపెట్టేవాడు. ప్రేక్షకుడికి ముందే తెలిసిన ప్రమాదం పాత్రకు తెలియకూడదు. ఆ కొద్ది క్షణాల సుఖం వల్లే ఆ తర్వాత జరిగేది మనల్ని అంతగా కుదిపేస్తుంది. చచ్చిపోయింది ఒక మనిషి అనిపిస్తుంది, లెక్కకు ఒక పాత్ర తగ్గినట్టు అనిపించదు.

ఈ విద్య స్టాంటన్‌తో పుట్టలేదు. స్టూడియోలు రాజ్యమేలిన కాలంలో నటులు జీతానికి ఉండేవాళ్లు. జాన్ ఫోర్డ్, ప్రెస్టన్ స్టర్జెస్ లాంటి దర్శకులు తమ ప్రతి సినిమాలో అవే ముఖాలను పెట్టుకునేవాళ్లు. ఆస్కార్‌లో సహాయ నటులకు వేరే బహుమతి 1936 సినిమాలతో మొదలైంది. తొలి విజేత వాల్టర్ బ్రెనన్. ఎక్స్‌ట్రాగా మొదలైనవాడు, ఐదేళ్లలో మూడుసార్లు గెలిచాడు. అయితే మొదటి ఏడేళ్లూ సహాయ నటులకు బంగారు బొమ్మ ఇవ్వలేదు, ఒక ఫలకం చేతిలో పెట్టేవాళ్లు. 'గాన్ విత్ ద విండ్'కు 1940లో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డానియల్‌కు దక్కిందీ ఫలకమే. ఆ రాత్రి తన సినిమా బృందంతో కలిసి కూర్చునే హక్కు కూడా ఆమెకు దక్కలేదు, గోడవారన వేరే బల్ల వేశారు. ఆ తర్వాతా పనిమనిషి వేషాలే ఎదురొచ్చాయి. ఆమె ఫలకాన్ని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంచితే అది కనపడకుండా పోయింది. అకాడమీ 2023లో కొత్తది చేయించి ఇచ్చింది. చిన్న వేషంలోని గొప్పతనాన్ని పొగిడేటప్పుడు ఇది మరచిపోకూడదు. కొందరికి అది ఎంచుకున్న విద్య. మెక్‌డానియల్ లాంటివాళ్లకు మిగతా తలుపులన్నీ మూసేసి చూపించిన ఒకే ఒక్క గది. ఆ గదిలోనే ఆమె అంత పని చేసింది.

థెల్మా రిట్టర్ ఆరుసార్లు నామినేషన్ పొందింది, ఒక్కసారీ గెలవలేదు. 1953 నాటి 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్'లో ఆమె పోలీసులకు కబుర్లు అమ్ముకుని బతికే మో అనే ముసలావిడ. తన ఒక్కదానికీ మర్యాదగా ఒక సమాధి కావాలని డబ్బు కూడబెడుతుంటుంది. ఒక రాత్రి హంతకుడు గదిలోకి వస్తాడు. ఆమె అరవదు, బతిమాలదు. రోజంతా తిరిగి వచ్చిన కాళ్ల నొప్పుల గురించి మాట్లాడినట్టే చావు గురించి మాట్లాడుతుంది. సినిమాలో హీరో ఏం చేశాడో మరచిపోవచ్చు, ఆవిడ అలసట గుర్తుండిపోతుంది.

జాన్ కజాల్ చేసినవి ఐదే పూర్తి నిడివి సినిమాలు. ఐదూ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పోటీలో నిలిచాయి. 1978లో నలభై రెండేళ్లకే పోయాడు. 'డాగ్ డే ఆఫ్టర్‌నూన్'లో బ్యాంకు దోచబోయి చిక్కుకుపోయిన ఇద్దరిలో కజాల్ ఒకడు. ఏ దేశానికి పారిపోదామని అల్ పచీనో అడుగుతాడు. కజాల్ బాగా ఆలోచించి 'వయోమింగ్' అంటాడు. అది అమెరికాలోనే ఒక రాష్ట్రం. స్క్రిప్టులో లేని ఆ మాటను కజాల్ అప్పటికప్పుడు అన్నాడు. హాల్లో జనం నవ్వుతారు. కజాల్ ముఖంలో మాత్రం నవ్వు లేదు, నవ్వించాలన్న ఆశ కూడా లేదు. ఊరు దాటి ఎరగని ఒక మనిషి భయం ఉంది. ఆ ముఖం చూశాక మనం నవ్వినందుకు మనకే చివుక్కుమంటుంది.

సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక సూత్రం చెప్పాడు. హ్యారీ డీన్ స్టాంటన్ గానీ ఎం. ఎమ్మెట్ వాల్ష్ గానీ సహాయ పాత్రలో ఉన్న ఏ సినిమా పూర్తిగా చెడ్డది కాలేదని. మినహాయింపులున్నాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ జంటలో ఒక తేడా నాకు ముఖ్యం అనిపిస్తుంది. వాల్ష్ చెమట, కండ, నవ్వు అన్నీ బయటికి పోసే నటుడు. 'బ్లడ్ సింపుల్'లో పసుపు సూటు వేసుకున్న డిటెక్టివ్‌గా ఆయన గదిలోకి వస్తే గాలి బరువెక్కుతుంది. ఆ వేషానికి ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డుల తొలి ఏడాదిలోనే ఉత్తమ నటుడయ్యాడు. స్టాంటన్ లోపలికి పీల్చుకునే నటుడు. కాబట్టి చిన్నగా నటించడం ఒక్కటే ఈ విద్య కాదు. దృశ్యానికి ఎంత కావాలో అంత ఇవ్వగలగాలి, ఆ కొలత నటుడికి తెలిసి ఉండాలి.

'ది గాడ్‌ఫాదర్' రెండో భాగంలో స్టాంటన్ వేషానికి పేరు కూడా లేదు, ఎఫ్‌బీఐ మనిషి నంబర్ 1 అంతే. 1978 నాటి 'స్ట్రెయిట్ టైమ్'లో కొంచెం ఎక్కువ దొరికింది. జైలు నుంచి బయటపడి, ఇల్లు, ఈత కొలను, మంచి భార్య ఉన్న ఒకప్పటి దొంగ. పాత స్నేహితుడు డస్టిన్ హాఫ్‌మన్ ఇంటికి వస్తాడు. పెరట్లో కూర్చుని అంతా హాయిగా కబుర్లాడతారు. భార్య అటు వెళ్లగానే స్టాంటన్ స్నేహితుడివైపు వంగి, నన్ను ఇక్కడి నుంచి బయటపడెయ్ అంటాడు. అంతవరకూ చూపించిన సుఖమంతా ఒక్క వాక్యంతో తలకిందులవుతుంది. గొంతు పెంచడు. అరటిపండు తొక్క తీసినంత తేలిగ్గా అంటాడు.

ఇక 'పారిస్, టెక్సస్'. విమ్ వెండర్స్ దర్శకుడు, శామ్ షెపర్డ్ రచయిత. 1984లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలిచిన సినిమా. స్టాంటన్ వేసిన ట్రావిస్ ఎర్ర టోపీతో, దుమ్ము పట్టిన సూటుతో ఎడారిలోంచి నడిచి వస్తాడు. తొలి ఇరవై నిమిషాలకు పైగా ఒక్క మాటా మాట్లాడడు. చివర్లో విడిపోయిన భార్య దగ్గరికి వెళ్తాడు. ఆమె డబ్బిచ్చిన మగవాళ్లతో అద్దం వెనక కూర్చుని మాట్లాడే చోట పనిచేస్తోంది. అతనికి ఆమె కనిపిస్తుంది, ఆమెకు అతను కనిపించడు. మధ్యలో ఫోను. ట్రావిస్ కుర్చీని అటు తిప్పుకుని, ఆమెకు వీపు పెట్టి, తమ కథనే ఎవరిదో కథలా చెప్పడం మొదలుపెడతాడు. ఒక మనిషి ఉండేవాడు, ఒక అమ్మాయి ఉండేది అంటూ.

తన క్రూరత్వాన్నే అతను అందులో చెబుతున్నాడు. జాలి కోరడు. గొంతు దాదాపు ఒకే మట్టంలో నడుస్తుంది. అవతల వింటున్న మనిషికి ఆ కథ తమదేనని ఎప్పుడు తెలియాలో అప్పుడే తెలిసేలా మాట మాటకూ చోటిస్తాడు. ముప్పై ఏళ్లు హీరోల క్లోజప్పుల పక్కన నిలబడి డైలాగులు అందించిన మనిషి చేసే పని ఇది. ఆ దృశ్యంలో ఏడవాల్సింది భార్య వేషం వేసిన నస్టాస్యా కిన్స్కీ, ఏడవనివ్వాల్సింది స్టాంటన్. సినిమా అంతా తన భుజాల మీద ఉన్నా పక్కవాడి పనిని మానలేదు.

ఆ తర్వాత హీరో వేషాలు క్యూ కట్టలేదు. ఆయన చిన్న వేషాల్లోకే వెళ్లాడు. 'ప్రెటీ ఇన్ పింక్'లో ఉద్యోగం లేని తండ్రి, 'ద గ్రీన్ మైల్'లో మరణశిక్ష రిహార్సల్‌లో ఖైదీ స్థానంలో కూర్చునే జైలు మనిషి, 'బిగ్ లవ్' టీవీ ధారావాహికలో తనను ప్రవక్తనని చెప్పుకునే భయంకరమైన ముసలాడు. ఒక్కసారీ ఆస్కార్ నామినేషన్ రాలేదు.

ఈ సంప్రదాయం ఇప్పుడు ఎక్కడ బతుకుతోందంటే, చాలావరకు టీవీలోనే. మార్గో మార్టిండేల్‌కు 2011లో అరవై ఏళ్ల వయసులో 'జస్టిఫైడ్'లో వేసిన మాగ్స్ బెనెట్ పాత్రకు ఎమ్మీ అవార్డు వచ్చింది. స్టాంటన్ సొంత రాష్ట్రం కెంటకీ కొండల్లోని ఒక నేర కుటుంబానికి పెద్ద దిక్కు ఆ పాత్ర. సీజన్ మొదట్లోనే ఒక మనిషికి నాటుసారా పోసి ఇస్తుంది. విషం సీసాలో లేదు, గ్లాసులో ఉంది. అతను ప్రాణం పోతూ గిలగిల్లాడుతుంటే చెయ్యి పట్టుకుని, బిడ్డను ఊరడించినట్టు ఊరడిస్తుంది. ఆ చేతిలో అబద్ధం లేదు. మార్టిండేల్ చంపేదాన్నీ ఊరడించేదాన్నీ ఒకే మనిషిగా పట్టుకుంది.

అయితే ఇలాంటి నటులు పెరిగిన నేల సన్నబడుతోంది. ఏడాదికి 39 ఎపిసోడ్లు తీసినచోట ఇప్పుడు ఎనిమిదో పదో తీస్తున్నారు. వారానికొక కొత్త మనిషి ఊళ్లోకి వచ్చే కథలు తగ్గాయి. 1960 సమ్మెతో నటుల సంఘం, సినిమాలను టీవీలో వేసినప్పుడు వాటా, పింఛను, వైద్య బీమా సాధించుకుంది. అద్దె కట్టుకుంటూ తర్వాతి వేషం దాకా నిలబడటానికి చిన్న నటుడికి పనికొచ్చింది ఆ వాటా చెక్కులే. స్ట్రీమింగ్ వచ్చాక అవి చిల్లరకు దిగాయి. 2023లో 118 రోజులు సమ్మె చేసినప్పుడు పదేపదే వినిపించిన అంకె 26,470 డాలర్లు. అప్పట్లో సంఘం వైద్య బీమా దక్కాలంటే ఏడాదికి కనీసం అంత సంపాదించాల్సి ఉండేది. సభ్యుల్లో అత్యధికులకు అది అందేది కాదు. స్టాంటన్ లాంటి నటుడు తయారవ్వడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. ఆ ముప్పై ఏళ్లూ అతను బతకాలి కదా.

ఆయన చివరి పెద్ద వేషం 'లక్కీ'. దర్శకుడు జాన్ కారల్ లించ్ స్వయంగా సహాయ నటుడే, 'ఫార్గో'లో పోలీసమ్మ భర్త. సినిమా 2017 సెప్టెంబరు 29న అమెరికా థియేటర్లకు వచ్చింది. స్టాంటన్ అంతకు రెండు వారాల ముందు, సెప్టెంబరు 15న, తొంభై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశాడు. సినిమా నిండా ఆయన సొంత జీవితమే ఉంది, ఓడ మీద వంట చేసిన రోజులతో సహా. ఒక దృశ్యంలో హోటల్లో పక్కన కూర్చున్న మాజీ సైనికుడితో మాట కలుస్తుంది. ఆ వేషం 'ఏలియన్'లో నౌక కెప్టెన్‌గా చేసిన టామ్ స్కెరిట్‌ది. అతను యుద్ధంలో చూసిన ఒక చిన్నపిల్ల గురించి చెబుతాడు. స్టాంటన్‌కూ ఒకినావా తెలుసు. సొంత సినిమా, సొంత జీవితం, పోస్టరు మీద సొంత ముఖం. కావాలంటే ఆ దృశ్యాన్ని తనవైపు లాక్కోవచ్చు. తొంభై ఏళ్ల వయసులో ఆయన కాఫీ కప్పు ముందు పెట్టుకుని, స్కెరిట్ చెప్పేది వింటూ కూర్చున్నాడు. ఆ దృశ్యం స్కెరిట్‌ది అయ్యింది.